బస్తాకు పది పైసలు

మిర్యాలగూడ బైపాస్ పక్కన కాంటా గదిల
నేను లారీల బరువు రాస్తా.
అదే బల్ల సొరుగుల ఇంకో బుక్కు ఉంటది,
హమాలీ ఫుట్‌బాల్ క్లబ్బు పద్దు.

మొదటి పేజీల పద్దెనిమిదేండ్ల కింది తీర్మానం:
మోసిన బస్తాకు పది పైసలు క్లబ్బుకు.
కింద నూట ముప్ఫై రెండు వేలిముద్రలు,
పదకొండు సంతకాలు.
ఆ పేజీ తిప్పితే తవుడు వాసన వస్తది.
ఉన్నదో లేదో, నాకైతే వస్తది.

గోల్ వల మేమే అల్లినం, సుతిలి తాడుతోటి.
బంతి తగిలితే దుమ్ము లేస్తది.
ఎంత దుమ్ము లేస్తే అంత మంచి గోల్.

సాగర్ రోడ్డుల వెంచరు సేటు టీము పెట్టిండు.
ఆయన గడ్డికి రెండు బోర్లు.
మా పిల్లలకు ఒక బిందె, ఒక గ్లాసు.
కోల్‌కతా నుంచి కోచ్, రాత్రి ఆటకు లైట్లు.
వాళ్ల ఐసు ముక్కల బిల్లుతోటి
మేము ఒక సీజను ఎల్లదీస్తం.

యాసంగి కోతలప్పుడు సైదులు వచ్చిండు.
కాగితం బల్ల మీద పెట్టి
"నెలకు పద్దెనిమిది వేలంట అన్నా, బండి గూడ" అన్నడు.
నా దిక్కు చూడలే.
బయటికి పోయి ఖాళీ కాంటా మీద నిలబడ్డడు.
లోపల తెర మీద అరవై పడ్డది.
ఇరవై టన్నుల లారీ వస్తే
అటూ ఇటూ అని కొట్టేసే లెక్క అది.

సంతకం పెట్టిన.
సేటు పంపిన నలభై వేలు
జమల రాయాల్నా ఖర్చుల రాయాల్నా తెలువక
ఆ పూట బుక్కు మూసిన.

వాళ్లతోటి ఆట పడ్డది. మూడు సున్న.
మూడోది కొట్టింది సైదులే. చేతులు లేపలే.
కాళ్ల మీద పడి ఆపబోయిన మా ధీరావత్ బాలాజీ
మల్ల లేవలే.
మోకాలు. నల్లగొండ డాక్టరు లక్షా పది వేలన్నడు.
పద్దుల ఉన్నయి నలభై ఆరు వేల రెండొందలు,
అందుల నలభై సైదులువి.

అప్పుడే సేటు మనిషి వచ్చిండు, తెల్ల కారుల.
"మీ ఓనరు ఎవరు?"
చాయ్ తాగుతున్న వందమంది
ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నరు.
ఒకడు నవ్విండు, ఎందుకు నవ్విండో వానికే తెలువది.
తొమ్మిది లక్షలు ఇస్తమన్నడు.
పేరు మారుతది, రంగు మారుతది, అప్పు తీరుతది.

ఆదివారం మిల్లు బంద్. బస్తాల మీద కూసున్నరు అందరు.
మట్టయ్య పోయి ఆరేండ్లు,
ఆయన వేలిముద్ర బదులు ఈదమ్మ వచ్చింది.
"మా ఆయన ఎన్ని బస్తాలు మోసిండో తియ్యి" అన్నది.
తీసిన. గంట పట్టింది.
రెండు లక్షల పద్నాలుగు వేలు.
"పైసలల్ల?"
ఇరవై ఒక్క వేల నాలుగొందలు.
"అయితే గంత కాడికి నేను ఓనరును. నాది నేనమ్మ."

వద్దన్నోళ్లు అరవై నాలుగు.
అమ్ముదమన్నోళ్లు యాభై తొమ్మిది.
చేతులు లెక్కబెట్టింది నేనే.
ఎడమ చెయ్యి లేపి, కుడి చేత్తోటి రాసుకున్న.
అవును, యాభై తొమ్మిదిల ఒకటి నాది.
బాలాజీ రోజూ కాంటా ముందల నుంచే
గోడ పట్టుకొని నడుస్తడు గాబట్టి.
ఎవ్వలు ఏమనలే.
బుక్కు మల్ల నాకే ఇచ్చిండ్రు, అదొక్కటే కష్టమైంది.

బస్తాకు పది కాదు, పదిహేను పైసలన్నరు.
ఆపరేషన్ వానకాలం వడ్ల దాకా ఆగాలె.
మోకాలు ఆగుతదో లేదో డాక్టరు చెప్పలే.
నలభై వేలు ఇయ్యాల జమల రాసిన.
వివరం గడిల "సైదులు" అని రాసి,
ఇంకేమన్న రాయాల్నేమో అని చాలసేపు పెన్ను పట్టుకున్న.

సాయంత్రం పోతే గ్రౌండ్ల
మూడో గోల్ కాడ చినిగిన వలను
ఈదమ్మ దబ్బనంతోటి కుడుతున్నది.
ఖర్చు: సుతిలి ఒక ఉండ, ముప్ఫై ఐదు రూపాయలు.
దబ్బనం ఆమెదే.
కూలి ఎంత రాయమంటవని అడిగితే తిట్టింది.