వెనక వైపు

ఆదివారం. అబిడ్స్‌లో దించిన షట్టర్ల ముందు
పాత పుస్తకాల కుప్ప.
ఇంజనీరింగ్ గైడ్ల మధ్య ఇరుక్కుని
గుడ్లురుముతున్నాడొకడు.

"చైనా బొమ్మ, నూటయాభై" అన్నాడు ఖలీల్.
"చైనా కాదు, జపాను. అదీ కాదు, వేషగాడు"
అన్నాడు మా మేకప్ నాంచారయ్య,
నలభై ఏళ్లు మీసాలు గొరిగించి
మగాళ్లను సత్యభామలు చేసినవాడు.

"చూడు, ఒక కన్ను ముందు వరసని చూస్తోంది,
రెండోది తెర పక్కన నిలబడ్డ అప్పులవాణ్ణి.
పద్యం ఎత్తబోతూ ఊపిరి బిగబట్టాడు.
ఎన్నేళ్లయిందో,
ఇంకా వదల్లేదు."

చెక్కిన చెక్కకి రంగు పూసి
కాగితం పరిచి రుద్దుతారట.
సఫేదా మందం, కంటికొసన ఎరుపు
గాల్లోనే వేలితో కొలిచాడు, ముట్టుకోలేదు.

తర్వాత తిప్పాడు.
వెనక, ఇంకిన రంగుల్లో
అదే ముఖం, కుడి ఎడమై,
కనుబొమలు సగం చెరిగి,
ఆట ముగిశాక
కొబ్బరినూనె తువ్వాలుకి అంటుకుని వచ్చే ముఖం.

ఎనభైకి తెగింది బేరం.

చిక్కడపల్లి గదిలో, అద్దం పక్కన
బొమ్మని గోడవైపు తిప్పి తగిలించాడు.
అదేంటని అడిగితే
"ఇప్పుడే వేషం తీశాడు,
కాస్త చాయ్ తాగనీ" అంటాడు.