ఒక్క గంట

ఇవాళ సైకిళ్ళకు మౌనవ్రతం.
బడి చుట్టుపక్కల ఎక్కడా
బెల్లు మోగకూడదని ఆర్డరు.
రొట్టెల యెరో తన బండిని రేవులో పడవకు కట్టేసి
తపలప రొట్టెల బుట్ట నెత్తికెత్తుకుని
నడిచొచ్చాడు,
అలిగిన పెళ్ళికొడుకులా.

గాంబియా నదికి రెండు ఒడ్లు అతికిస్తే మా దేశం.
ఇక్కడ ఓటంటే కాగితం కాదు, గోలీ.
పట్నంలో చదివొచ్చిన సంతకానికీ
వరిమడిలో అరిగిన వేలిముద్రకీ
ఒకటే బరువు.
తెర వెనక మూడు డ్రమ్ములు,
మూడు రంగులు, మూడు నవ్వు మొహాలు.
గొట్టంలో వదిలితే
గోలీ జారి, లోపలి గంటను తాకి
ఇసుకలో పడి నిద్రపోతుంది.
ఒకసారి మోగితే ఓటు.
రెండుసార్లు మోగితే దొంగ.
అసలు మోగకపోతే?
దానికి నిబంధనల పుస్తకంలో పేజీ లేదు.

నేను లెక్కల మాస్టారిని.
ఏడాది పొడుగునా పిల్లల జేబుల్లోంచి
గోలీలు లాక్కుంటాను.
ఇవాళొక్కరోజు
వాళ్ళ అమ్మానాన్నలకు పంచుతున్నాను.
కిటికీలోంచి పిల్లలు చూస్తున్నారు,
నా అన్యాయాన్ని.

పదకొండు దాటాక దాడో కాందే వచ్చింది.
మడమల మీద బురద ఎండి పెచ్చులు రాలుతోంది.
కొంగు ముడిలోంచి రెండు కార్డులు తీసింది.
"ఇది నాది. ఇది మావాడిది.
వాడొచ్చేదాకా వాడిది కూడా నేనే వేస్తా."

జాబితాలో వాడి పేరు ఇంకా ఉంది.
ఒకే ఒక్క మొహం అన్ని గోడల మీదా నవ్వే కాలంలో
నంబరు లేని జీపు ఒకటి రాత్రిపూట వచ్చింది.
పేరును మాత్రం వదిలేసి పోయింది.

"మనిషికి ఒక్క గోలీనే, అమ్మా."
సరైన లెక్క చెబుతుంటే గొంతు తడారిపోవడం
నాకదే మొదలు.

చూపుడువేలు సిరాలో ముంచుకుని
తెర వెనక్కి వెళ్ళింది.
మేమంతా చెవులయ్యాం.
లైన్లో ఎవరో దగ్గారు.
నదిలో నీటిగుర్రం ఒకటి బుసకొట్టి మునిగింది.
గంట గడిచినట్టుంది,
గంట మోగలేదు.

తెర కదిలింది. బయటికొచ్చింది.
పిడికిలి బిగించే ఉంది.
పోలీసు యూనుసా నావైపు చూశాడు.
నేను లేని పేజీవైపు చూశాను.

"ఏమ్మా, వెయ్యలేదా?"

"గవర్నమెంటు నా చేతిలో ఒకటి పెట్టడం
పుట్టి బుద్ధెరిగాక ఇదే.
తీసుకుపోవడమే తెలుసు దానికి.
కాసేపు పట్టుకోనీ, నాయనా."

మూడో తరగతి బెంచీ మీద
మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.
లైను గొణగలేదు.
యెరో ఓ రొట్టె తుంచి ఇచ్చాడు, డబ్బులడక్కుండా.
ఎడమచేత్తో తింది.

తర్వాత లేచింది, లోపలికెళ్ళింది.
టింగ్.
అంతే.
ఎవరి మొహం మీద వేసిందో ఇసుకకు తెలుసు.

సాయంత్రం డ్రమ్ములు బోర్లించాం.
పలకకు రెండు వందల గుంటలు.
గోలీలు దొర్లుతూ ఎవరి గుంట వాళ్ళు వెతుక్కున్నాయి.
ఆమెది ఏదో గుర్తుపట్టాలని చూశాను,
తప్పని తెలిసీ.
అన్నీ ఒకే అచ్చు గాజు, ఒకే చలువ.
గుర్తుపట్టలేకపోవడం కోసమే కదా
ఇంత ఏర్పాటు!

ఆఖరి పలకలో నూట తొంభై తొమ్మిది.
చివరి గుంట ఖాళీ.
మొత్తం కూడితే లెక్క సరిపోయింది.
సంతకం పెట్టాను.
సరిపోయిన లెక్కలోకి
ఆ ఖాళీ గుంట మాటిమాటికీ చూసింది.

చీకటి పడ్డాక యెరో బండి విప్పాడు.
పొద్దుటినుంచి మింగిన గంటలన్నీ
దారిపొడుగునా కక్కుకుంటూ పోయాడు.
యూనుసా ఉలిక్కిపడి, నవ్వేశాడు.
నేను మాత్రం మొదటిది లెక్కేసుకున్నాను,
ఒక్కటే,
ఏ కాగితం మీదా కాదు.