నూట పన్నెండో ఫుట్‌నోట్

ఫర్వానియాలో
ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్కచుక్కగా రాలే గదిలో
ఓబుళేశ్వరి థీసిస్ విప్పి కూర్చున్నాం.
అది పుస్తకం కావాలట.

నలభై పేజీలు ఎవరెవరో పండితులు మాట్లాడాక
తను గొంతు సవరించుకుంటుంది,
అంతే, అధ్యాయం అయిపోతుంది.

"ఈ సిద్ధాంతాలన్నీ ఎవరికి కాపలా?" అన్నాను.
సులేమానీ చల్లారింది. జవాబు లేదు.

నూట పన్నెండో ఫుట్‌నోట్‌లో
చీమ తలకాయంత అక్షరాల్లో
రాయచోటి వంటమనిషి ఒకామె
కువైటీ పసిదాన్ని జోకొడుతూ
కన్నబిడ్డ పేరుతో పిలిచి
నాలుక్కరుచుకుంటుంది.

"ఈమెను మొదటి పేజీకి తెండి."

పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి
"ఆ పేరు నాదే" అంది.
"అమ్మనడక్కుండా ఎట్లా రాసేది?"

మార్జిన్‌లో నేనేమీ రాయలేదు.
ఫోన్ మాత్రం
ఆమె వైపు జరిపాను.