ఆగు

నా పేరుకి అర్థమా?
టికెట్ తీసుకుని కూర్చోండి, వతీ దాకా ఇరవై నిమిషాలు.
స్తమాతిస్ అంటే, ఆగు.
దేవుడి పేరు కాదు, వీరుడిదీ కాదు,
ఒక క్రియాపదం. అదీ గదమాయింపు.

బస్సు తోలేవాడికి ఇదేం పేరని
పోథియా రేవులో చేపలవాళ్ళు
ముప్పయ్యేళ్ళుగా అదే నవ్వు నవ్వుతున్నారు.

మొదట ఇది మా ముత్తాతది.
ఆయనకి ముందు నలుగురు, సెవస్తీ అవ్వకి.
ఒకడు నలభై రోజులు, ఒకతె పాలపళ్ళ దాకా,
మిగతా ఇద్దరి సంగతి ఆవిడ నోరు విప్పలేదు.
ఐదోవాడు పుట్టేసరికి మొగుడు
ఆఫ్రికా తీరాన నీళ్ళ అడుగున స్పాంజీలు కోస్తున్నాడు.

నామకరణానికి తల్లి గుడికి రాకూడదు అప్పట్లో.
తొట్టి దగ్గర జ్ఞానతండ్రి ఏ పేరు పలికితే
అది వీధిపిల్లలు మోసుకురావాలి ఇంటికి.
ముందొచ్చినవాడికి నాణెం.
ఆవిడ గడప మీద కూర్చుంది, నాణెం పిడికిట్లో చెమటపట్టి.
మెట్ల సందులోంచి పదిమంది పిల్లలు
ఆగు! ఆగు! ఆగు! అని అరుస్తూ
ఒక్కడూ ఆగకుండా వచ్చారట.

వినాల్సినవాడు విన్నట్టున్నాడు.
ముత్తాత తొంభై దాటాడు.
సముద్రం ఆయన కాళ్ళు రెండూ పుచ్చుకుంది, నిజమే.
పేరు మాత్రం ఎంత లోతని దిగుతుంది?

ఇదే పేరు ఆడపిల్లకి పెడితే లెక్క వేరు.
అదిగో, మూడో సీటు, ఒళ్ళో ఖాళీ బుట్ట,
కమలాపళ్ళు అమ్ముకుని వెళ్తున్న ముసలావిడ.
స్తమాత. ఏడుగురు కూతుళ్ళలో ఏడోది.
మా వాళ్ళు చావుని ఆగమన్నారు.
వాళ్ళ వాళ్ళు, ఆమె వెనక వరసలో ఉన్న ఆడపిల్లల్ని.
తర్వాత కొడుకు పుట్టాడు. పేరు ఫలించిందని
ఊరికి సారా పోశాడు తండ్రి.
గ్లాసులు కడిగింది ఈవిడే.

ఓసారి అడిగాను, కోపం రాదా అని.
"నన్నెవరైనా పిలిస్తే
ఇంకా వెనక్కి తిరిగి చూస్తాను, ఎవర్ని ఆపుతున్నారోనని"
అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గంట మీట నొక్కదు ఎప్పుడూ.
మలుపు రాగానే వెనకనుంచి, స్తమాతీ, అంటుంది.
పిలుపో, ఆజ్ఞో, నేను బ్రేకు వేస్తాను.
మిగిలిన ఒక్క పండు నా అద్దం పక్కన పెట్టి
ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగుతుంది.
వెనక లారీ హారన్ కొడుతుంది.
కొట్టనీ.