కాటా మీద పెట్టె

కొర్లగుంటలో, మునెమ్మ పాతపేపర్ల కొట్లో
కాటా మీద సూట్‌కేసు పెట్టినాను.
"ఇరవైమూడు కేజీల ఆరొందలు.
ఏముంది మే లోపల, గలగలమంటా ఉంది?"
"చిల్లర" అన్నాను.
జిలానీ సాయిబు మూడు రాత్రులు కూర్చుని
బిళ్ళలు కుట్టిన పన్నెండు నడుంపట్టీలు.
ఎక్కువైన ఆరొందల గ్రాములకు
చింతతొక్కు డబ్బా తీసి ఆమెకే ఇచ్చేసినాను.
వీధిలో నేను యోగా టీచర్ని.

తాష్కెంట్‌లో చెక్కనేల, అరికాళ్ళు కొరికే చలి.
పన్నెండు మంది. అద్దంలో ఇంకో పన్నెండు.
నడుము తిప్పమంటే భుజాలు తిప్పుతారు,
భుజాలు పట్టుకుంటే ఊపిరి బిగబడతారు.
నా మాట వాళ్ళకు రాదు.

బాత్రూములో బకెట్ నింపుకొచ్చి
చంకనెత్తుకుని నడిచినాను,
ట్యాంకరు కాడ్నించి మా మూడో అంతస్తు మెట్లెక్కినట్టే.
చుక్క ఒలకలేదు.
బడిలో లెక్కలు చెప్పే గుల్నోరా
బకెట్ లాక్కునింది. ఒలకబోసింది. తుడిచింది.
మళ్ళీ ఎత్తుకునింది.

మూడోనాటికి, తప్పెవరిదైనా
"మే! మోకాలు!" అని
వాళ్ళలో వాళ్ళే అరుచుకుంటా ఉండారు.

పట్టీలన్నీ వాళ్ళకే వదిలేసి వచ్చినాను.
రేణిగుంట నుంచి ఆటోలో
గతుకు గతుక్కీ
ఒళ్ళో తేలికపెట్టె ఎగిరిపడతా ఉంది,
మోగాల్సిందేదో మోగకుండా.