రెండు లీటర్ల బరువు

ముందు చెయ్యి చూపించు.
జాతకానికి కాదులే,
పట్టు ఎంతుందో చూడాలి.

ఆరేళ్ల పిల్లకి రెండు లీటర్ల ట్యాంకు కొనిపెట్టావనుకో,
పది గంటలకల్లా అది నీ మెడలో వేలాడుతుంది,
పిల్ల ఐస్‌క్రీమ్ బండి నీడన ఏడుస్తుంటుంది.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను
లాంపాంగ్‌లో, వంతెన దిగువన, ఈ రేకుల కొట్టులో.
పదకొండు నెలలు గొడుగులు బాగుచేస్తాను,
ఒక్క నెల నీళ్ల తుపాకులమ్ముతాను.
తడవకుండా ఉండడానికోసారి, తడవడానికోసారి
నీ దగ్గరికే రావాలంటాడు మా తమ్ముడు బున్‌రోత్.

ఆ ఎర్రదాని జోలికి పోకు. చూపులకే అది.
మూడు మీటర్లు కొట్టదు,
అతుకు దగ్గర కారి నీ మోకాలే తడుపుతుంది.
పసుపుపచ్చది నాటు రకం. లాగు, తొయ్యి, అంతే.
పాడవడానికి అందులో ఏమీ లేదు.
మా తాత వెదురుతో చేసేవాడు,
పుల్ల చివర గుడ్డపీలిక చుట్టి.
ఆ గురి ఏ ప్లాస్టిక్కుకీ రాలేదు మళ్లీ.

ఫోనుకి సంచి తీసుకో.
ముందు అందులో కాగితం పెట్టి బకెట్లో ముంచి చూడు.
నా సరుకే అయినా నన్ను నమ్మకు.
కళ్లకి అద్దాలు. చెప్పుకి వెనక పట్టీ.
పువ్వుల చొక్కా, ముదురు రంగుది;
తెల్లదేసుకుంటే సాయంత్రానికి
ఊరంతా నీ ఎముకలు లెక్కపెడుతుంది.
ఐసు కలిపే కుర్రాళ్లకి వీపు చూపించు.
బండి నడిపేవాణ్ణి కొట్టకు,
భిక్షువుని కొట్టకు, కడుపుతో ఉన్నదాన్ని కొట్టకు,
అన్నం పొట్లం పట్టుకుని పోయేవాణ్ణి అసలే కొట్టకు.
ఈ ముక్కలు తుపాకీతోపాటు ఉచితం.

నిన్న సాయంత్రం ఒకతనొచ్చాడు.
కనుబొమలు సగం కాలి ఉన్నాయి.
వీపున పదిహేను లీటర్ల డబ్బా.
చే హోమ్ పై కొండల్లో
మంటలార్పే జట్టువాడట, పేరు సింఖమ్.
గొట్టం మూతి విరిగిపోయింది.
"పిన్నీ, నీ తుపాకుల్లో
దేనిదైనా దీనికి పడుతుందా?"

నవ్వొచ్చింది. వీధి చివరికి చూస్తే
పొగలో సూర్యుడు ఉప్పుగుడ్డు సొనలా ఉన్నాడు,
కళ్లార్పకుండా చూడగలిగేంత మెత్తగా.
నవ్వు ఆగిపోయింది.

పదకొండు పొట్లాలు విప్పాం.
ఒకటి వదులు, ఒకటి బిగువు,
ఒకటి మర తిరిగి తిరిగి అరిగిపోయింది.
చివరికి ఆ ఆకుపచ్చ డాల్ఫిన్ ఉంది చూశావూ,
రెండేళ్లుగా దుమ్ము తింటున్న అనాకారిది,
దాని ముక్కు కచ్చితంగా కూర్చుంది.
గొడుగు రబ్బరు పట్టీ రెండు చుట్లు చుట్టాను.
అతను పిడి కొట్టాడు.
ఎదురుగా మంగలి ప్రఫాస్ అద్దం తడిసింది.
గడ్డం సగం గీయించుకున్న ముసలాయన
పండగ ముందే వచ్చేసిందా అని కేకేశాడు.
ఏడు మీటర్లు, తక్కువ లేదు.

డబ్బులొద్దన్నాను. నలభై బాట్లు
కత్తెర కింద పెట్టాడు, నే చూడనప్పుడు.
మూతిలేని డాల్ఫిన్‌ని కూడా అడిగి పట్టుకెళ్లాడు,
కూతురు అందులో చేపపిల్లని పెంచుతుందట.
పండక్కి కిందికి దిగుతావా అంటే
గాలినడగాలి అన్నాడు.
అమ్మ చేతుల మీద మల్లెల నీళ్లు పోయాలి మరి,
చేతులైనా కడుక్కోవాలి కదా అప్పటికి,
అంటూ గోళ్లలోని మసి చూసుకున్నాడు.

రాత్రి డాబా ఎక్కితే
కొండ మీద నారింజ దారమొకటి,
కుట్టు ఊడినట్టు వంకర్లుగా.

అందుకే ఈ పొట్లాలన్నీ ఇలా చిందరవందరగా.
పొద్దుట్నుంచి మరలు కొలుస్తున్నాను.
నువ్వు పసుపుపచ్చది తీసుకో,
పిల్లకి అరలీటరుది చాలు.
ఆకుపచ్చవి ఇంకా మూడున్నాయి.
అవి అమ్మకానికి కాదు.