రంగం ఎంత దూరం

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా నా కొట్టు.
టికెట్లు, జెరాక్సు, పాసుపోర్టు ఫోటోలు.
గోడ మీద నాలుగు గడియారాలు పెట్టాను:
దుబాయ్, దోహా, సింగపూర్, మనది.
మనది నెల్లాళ్ళుగా ఆగిపోయి ఉంది.
ఎవరూ అడగలేదు.

ఇక్కడి వెల్డింగు కుర్రాళ్ళకి కిలోమీటర్లు అక్కర్లేదు.
ఎన్ని గంటలు, ఎన్ని కేజీలు, ఎంత అడ్వాన్సు.
విశాఖ నుంచి సింగపూర్ నాలుగు గంటలంటే
"రైల్లో రాజమండ్రి కన్నా బేగి ఎల్లిపోతాం" అని నవ్వుతారు.

మొన్న మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చిన వేళ,
పిక్కల బట్టీ నుంచి నేరుగా వచ్చింది బమ్మిడి దాలమ్మ.
జీడినూనెకి వేళ్ళ కొసలు మాడిపోయి
గీతలన్నీ చెరిగిపోయిన చేతులు.
రేషను మిషను కూడా ఆ వేళ్ళని ఎరగనంటుందట.

"రంగం ఎంత దూరం బాబూ?
ఎల్లడానికి కాదు. ఊరికే సెప్పు."

రంగం అని కొడితే రాంచీ చూపించింది.
రంగూన్ అంటే, ఆ పేరు ఇప్పుడు లేదంది.
పేరు మార్చుకున్న ఊరిని వెతకడం
మనువాడి ఇంటిపేరు మారిన చిన్ననాటి నేస్తాన్ని
ఓటర్ల జాబితాలో వెతకడం లాంటిది.

దొరికింది. యాంగాన్.
విశాఖ నుంచి సముద్రం మీద గీత గీస్తే
పదమూడు వందల చిల్లర కిలోమీటర్లు.
ఢిల్లీ ఎంతో, అదీ అంతే.
తిన్నగా ఎగిరితే రెండు గంటలు.
తిన్నగా ఎగిరేదే లేదు.
కలకత్తా పోవాలి, బాంకాక్ పోవాలి,
దాటిపోయిన ఊరికి మళ్ళీ వెనక్కి రావాలి.
మొత్తం పందొమ్మిది గంటల పది నిమిషాలు,
అందులో పదమూడు, కుర్చీలో కూర్చోవడమే.

ఆమె విన్నది. ఏదో లెక్క కట్టుకుంది.
"మాయమ్మని సంకనేసుకొని మా తాత ఎల్లినప్పుడు
ఓడలో నాలుగు రేత్రులట.
ఒచ్చీటప్పుడు ఓడ నేదు. మీదన బాంబులు.
నడిసే ఒచ్చీసినారు.
జీడితోట పూతకొచ్చినప్పుడు బయిలెల్లి
పిక్క రాలిపోయినంక సేరినారు.
ఏడుగురు."

ఫ్యాను గాలికి ఫోటోల కాగితాలు లేచాయి,
చేత్తో అదిమి పట్టుకుంది.

"సేరింది నలుగురు.
నడిస్తే ఎంతసేపో ఆ పెట్టిలో సూపిస్తాదా?"

నడిచే మనిషి బొమ్మ మీద నొక్కాను.
గుండ్రంగా తిరిగింది, ఇంకా తిరిగింది.
దారి దొరకలేదు అంది.

"దొరకనేదా?"
అడ్డపొగకి నల్లబడ్డ పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.
"మాయమ్మకి తొమ్మిదేళ్ళు బాబూ అప్పటికి.
దానికి దొరికింది."

ప్రింటు తీయమంది.
ఏది మనం, ఏది రంగం అని అడిగి
ఒక వేలు ఇక్కడ, ఒక వేలు అక్కడ ఆనించి చూసింది.
జానెడు కూడా లేదు.
డబ్బులొద్దన్నా పది నోటు బల్ల మీద పెట్టింది,
దాని మీద, ఎగిరిపోకుండా, గుప్పెడు బద్దపప్పు.
కాగితాన్ని చిన్నగా, మరీ చిన్నగా మడిచి
బొడ్లో దోపుకుని
రెండో షిఫ్టు కూత వినపడితే పరుగున పోయింది.

సాయంత్రం మన గడియారానికి సెల్లు మార్చాను.
ముల్లు తిప్పుతుంటే గుర్తొచ్చింది,
రంగం మనకన్నా గంట ముందుంటుంది.
ఆ మాట ఆమెకి చెప్పనే లేదు.